ఎడమ కాలికి రిటైర్మెంట్

సొంత వస్తువు మీద మమకారం వదులుకోవాలంటే అడవులు పట్టిపోయి తపస్సు చేయనక్కర్లేదు. ఆ వస్తువుకి ఒక కొత్త ఇంజన్ వేయిస్తే చాలు!

నమ్మరా? మీ ఇంటి ముందు పాత బండి ఏదైనా ఉంటే ఇవాళే వేయించి చూడండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో సహా. ఆరు నెలలు తిరిగేసరికి మీ నోట 'నాది' అనే మాట వినిపిస్తే ఈ వ్యాసకర్తను నిలదీయండి. మహా మహా జ్ఞానులకు ముసలితనంలో గాని పట్టుబడని ఆ స్థితి మొక్కలక్కకు నలభై ఆరో ఏట, స్టీరింగ్ ముందు కూర్చున్న చోటనే లభించింది.

మొక్కలక్కకు అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. కానీ నర్సరీ నడిపే మనిషిని జనం అలాగే పిలిచారు, ఆమె కూడా బోర్డు మీద అదే రాయించేసుకుంది. పదహారేళ్ల కిందట పాల డెయిరీ వాళ్లు తమ పాత పికప్‌ను వేలానికి పెట్టారు. దాని పక్కనే పెట్టిన తుప్పు బీరువా కోసం నలుగురు పోటీ పడ్డారు గానీ, బండి వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. అక్క ఒక్కతే చెయ్యి ఎత్తింది. వేలం వేసేవాడు ఆమె చెమట తుడుచుకుంటోందేమో అనుకుని ఇంకోసారి అడిగాడట!

ఆ బండి గుణగణాలు చెప్పుకుంటే సిగ్గుచేటు. చోక్ మొత్తం లాగితే అలుగుతుంది, మూడొంతులే లాగాలి. యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, అప్పుడు తాళం తిప్పాలి. ఫస్ట్ గేర్ పడాలంటే ముందు సెకండ్ గేర్‌ని పలకరించి రావాలి. తలుపు మూయాలంటే కాస్త ఎత్తి, లోపలికి నెట్టి, మోకాలితో ఒక పోటు పొడవాలి.

ఇవన్నీ అక్క ఆలోచించకుండా చేసేది. ఒక చెయ్యి గేరు మీద, ఒక చెవి ఇంజన్ మీద, ఒక కన్ను వెనకాల ఊగుతున్న గులాబీ కుండీల మీద. మలుపు దగ్గర క్లచ్ రెండుసార్లు తొక్కి గేరు దించిందంటే కుండీలో మట్టి కూడా కదిలేది కాదు.

ఎంత వెనకబాటుతనం చూడండి! ప్రపంచమంతా బటన్లు నొక్కుతుంటే, ఒక మనిషి ఇంకా కాళ్లూ చేతులూ వాడుకుంటూ బతుకుతోంది. అంతకంటే ఘోరం ఏమిటంటే, ఆమె సంతోషంగా ఉంది.

ఆ సంతోషాన్ని చూసి మొదట జాలిపడినవాడు ఆమె మరిది. లిఫ్టులు అమ్మే కంపెనీలో సేల్స్ మేనేజర్. మెట్లెక్కేవాళ్లు కనిపిస్తే అతనికి కడుపు తరుక్కుపోతుంది. గేర్లు మార్చేవాళ్లంటే సరే సరి! పైగా ఫోనులో పాత బండ్లకు కొత్త ఇంజన్లు ఎక్కించే వీడియోలు భోజనం దగ్గర కూడా ఆపకుండా చూసేవాడు.

అదను చూసుకుని అక్క మణికట్టు బెణికింది. ఎరువు బస్తా దించబోతుంటే. డాక్టరు కట్టుకట్టి, నాలుగు వారాలు బరువులు ఎత్తొద్దు, బండి తోలొద్దు అన్నాడు.

ఆ సాయంత్రమే మరిది వచ్చి అన్నగారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చూశావా అన్నయ్యా, ఆ గేర్లతోనే వదిన చెయ్యి ఇలా అయిపోయింది."

"బస్తాతో అయింది," అంది అక్క వంటింట్లోంచి.

"బస్తా పేరుకే వదినా. లోలోపల గేర్లే తినేశాయి. నువ్వు గమనించలేదంతే."

అక్క భర్త మున్సిపల్ ఆఫీసులో సూపరింటెండెంటు. ఎదుటివాళ్లు గమనించనిది తమ్ముడు గమనించాడంటే ఆయనకు గౌరవం. "నిజమే. ఇన్నాళ్లూ ఆ డొక్కుతో ఎలా వేగుతోందో పాపం," అన్నాడు.

"నాలుగు వారాల్లో తగ్గిపోతుందన్నాడు డాక్టరు," అంది అక్క ఇవతలికి వచ్చి. "నేను వేగలేకపోతున్నానని ఎవరితో అన్నాను?"

"నువ్వు అనవు వదినా. అదే నీ మంచితనం!"

మంచితనాన్ని కాదని వాదించడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఖర్చు అన్నదమ్ములిద్దరూ పెట్టుకున్నారు. కట్టు ఉన్న చేత్తో ఆమె తాళం ఇచ్చింది. ఇచ్చిందని వాళ్లు అంటారు. మేకుకు తగిలించి ఉన్నదాన్ని మరిది తీసుకుంటుంటే తాను ఊరుకున్నానని ఆమె అంటుంది.

బండి మేస్త్రీ షెడ్డుకు చేరింది. ఆ మేస్త్రీ పదహారేళ్లుగా దాన్ని బాగుచేస్తున్నవాడే. గుద్దించుకున్న ఒక కారులోంచి ఇంజనూ గేర్‌బాక్సూ తీసి ఉంచాడు.

"గుద్దిన కారు ఇంజనా!" అని అక్క కంగారుపడితే, "వెనక నుంచి గుద్దారక్కా. ముందున్న ఇంజన్‌కి సంగతే తెలీదు," అని ధైర్యం చెప్పాడు.

రెండు వారాల పని అన్నాడు మరిది. ఇంజన్ మారిస్తే చాలనుకున్నాడు. ఇంజన్ కూర్చోవాలంటే ఛాసిస్ మీద పాత మౌంటింగులు కోసి కొత్తవి వెల్డింగ్ చేయాలి. గేర్‌బాక్సు పొడుగెక్కువ కాబట్టి కాళ్ల దగ్గర రేకు కోయాలి. అది వెనక్కి జరిగింది కాబట్టి చక్రాలకు వెళ్లే షాఫ్టు కురచ చేయాలి. వేడెక్కువ కాబట్టి రేడియేటర్ మార్చాలి. కొత్త ఇంజన్ పెట్రోలు దానంతట అది తాగదు, పంపుతో తాగించాలి కాబట్టి ట్యాంకు మార్చాలి. ఇవన్నీ కలిసి పనిచేయాలంటే ఒక కంప్యూటర్ పెట్టె, దాన్నుంచి జడలు జడలుగా వైర్లు.

అంటే, హెడ్‌లైట్లూ తలుపులూ తప్ప తక్కినదంతా! ఇంతకీ వాళ్లు పాత బండికి కొత్త ఇంజన్ వేస్తున్నారా, కొత్త ఇంజన్‌కి పాత చొక్కా తొడుగుతున్నారా? ఇలాంటి సందేహాలు అభివృద్ధికి ఆటంకం. వదిలేద్దాం.

మూడో వారానికే అక్క కట్టు విప్పేసింది. బండి మాత్రం పొట్ట తెరుచుకుని స్టాండ్ల మీదే ఉంది. ఆటో ట్రాలీలు మాట్లాడుకుని మొక్కలు చేరవేస్తూ, రెండు రోజులకోసారి షెడ్డుకి వెళ్లి చూసొచ్చేది. తొమ్మిదో వారం వెళ్లినప్పుడు ఒంగుని చక్రం లోపలికి తొంగిచూసింది.

"మేస్త్రీ, బ్రేకులు పాతవే ఉన్నాయేంటి?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. "నేను చెప్పానక్కా. పరుగు కుర్రాడిది, ఆగడం తాతది అవుతుంది, మార్చాల్సిందే అన్నా. మీ మరిదిగారు తర్వాత చూద్దామన్నారు."

"బ్రేకులు మారిస్తేనే బండి బయటికి రావాలి. నేను చెప్పానని చెప్పు."

ఆ మొత్తం యజ్ఞంలో ఆమె మాట చెల్లింది ఆ ఒక్క విషయంలోనే. దాంతో పని ఇంకో రెండు వారాలు జరిగింది. "వదిన వల్లే ఆలస్యమైంది," అని మరిది ఇప్పటికీ అందరితో చెబుతాడు.

పదకొండు వారాలకు బండి ఇల్లు చేరింది. అక్క ఎక్కి కూర్చుంది. బటన్ నొక్కింది. శబ్దం లేదు. స్టార్ట్ కాలేదనుకుని ఇంకోసారి నొక్కింది. ఆగిపోయింది.

"మొదటిసారే స్టార్టయింది వదినా! వినపడదు. అదీ దాని గొప్ప!"

బయల్దేరింది. వీధి మలుపులో అలవాటు చొప్పున ఎడమ కాలు క్లచ్ కోసం వెళ్లి, ఉత్త రేకు మీద దబ్బుమని పడింది. తర్వాతి మలుపులోనూ అంతే. పదహారేళ్లు సర్వీసు చేసిన కాలు, వీడ్కోలు సభ కూడా లేకుండా రిటైరైపోయింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కాసేపు మడిచి, కాసేపు చాపి, చివరికి అతిథి ఇంట్లో కూర్చున్నట్టు ఒద్దికగా పెట్టుకుంది.

డ్యాష్‌బోర్డు మీద కొత్త తెర ఒకటి ఆగకుండా కీచుకీచుమంటోంది. చదివితే, 'వెనక ఎడమ తలుపు తెరిచి ఉంది' అని ఉంది.

బండికి వెనక తలుపులే లేవు!

మేస్త్రీని అడిగితే నవ్వాడు. "అది ఇంకా కారుననే అనుకుంటోందక్కా. తలుపులు వెతుక్కుంటోంది. మెల్లగా సర్దుకుంటుందిలే."

ఎవరు సర్దుకుంటారో మేస్త్రీ చెప్పలేదు.

ఇక అసలు లాభాలకొద్దాం. కొత్త ఇంజన్ వల్ల కలిగిన మహోపకారం ఏమిటంటే, ఆ బండిని ఇప్పుడు ఎవరైనా నడపొచ్చు!

మొదటి ఆదివారం భర్త నడిపాడు. బండి కొన్న పదహారేళ్లలో ఆయన ఆ సీటులో కూర్చోవడం అదే మొదలు. దిగి, "ఇందులో ఏముంది, చాలా తేలిక!" అన్నాడు. అంటే ఇన్నేళ్లూ ఈమె చేసిందేముంది అని అర్థం వచ్చేలా అనలేదు. కానీ వచ్చింది.

రెండో వారం మరిది. మూడో వారం తోడికోడలు, కొత్త బీరువా తెచ్చుకోవడానికి. తర్వాత తోడికోడలి జిమ్ ఓనరు. ఎదురింటి దర్జీ, రెండు కుట్టు మిషన్లకోసం. దర్జీ వియ్యంకుడు, ఆయన వాటర్ ట్యాంకు కోసం. డ్రైవింగ్ నేర్చుకుంటున్న పక్కవీధి డెంటిస్టు, 'ఎత్తుగా ఉంటే ధైర్యంగా ఉంటుంది' అని. ఒకాయన ఏ సామానూ లేకుండా, ఊరికే ఒక చుట్టు తిరిగొస్తానని తీసుకెళ్లి ఫొటోలు దిగి వచ్చాడు.

పదహారేళ్లలో ఆ ఇంటి గుమ్మం తొక్కనివాళ్లు కూడా వచ్చి పలకరించసాగారు. మనుషుల మధ్య ఇంత ఆప్యాయత పెంచిన యంత్రం ఇంకొకటి ఉందా?

అక్కకి మాత్రం ప్రతిసారీ సీటు ముందుకో వెనక్కో జరిగి ఉండేది. అద్దాలు ఆకాశాన్ని చూస్తూ ఉండేవి. ఒకరోజు సీటు కింద ఎవరివో సాక్సులు దొరికాయి. ఉతికి, ఆరేసి, వారం రోజులు చూసింది. ఎవరూ రాలేదు.

గందరగోళం ఎక్కువైందని మరిది ఒక పద్ధతి పెట్టాడు. ఫోనులో ఒక గ్రూపు తెరిచి, దానికి 'మన బండి' అని పేరు పెట్టాడు. ఎవరికి ఎప్పుడు కావాలో అందులో బుక్ చేసుకోవాలి. ఇరవై ముగ్గురు సభ్యులు. అడ్మిన్ మరిది.

మొక్కలక్కని కూడా చేర్చుకున్నారు. ఆ ఔదార్యం గమనించండి!

పైగా ఆమెకి ఒక టైము శాశ్వతంగా కేటాయించారు కూడా. మంగళవారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు. ఆ టైములో ఎవరూ అడగరు, ఎండగా ఉంటుందని.

ఇలా ఉండగా ఒక కాలేజీ వాళ్లు కొత్త ఆవరణలో నాటడానికి మూడు వందల మొక్కలు అడిగారు. గురువారం పొద్దున ఏడింటికల్లా చేర్చాలి. నర్సరీ పెట్టాక అంత పెద్ద ఆర్డరు అదే. అక్క నాలుగు రోజుల ముందే గ్రూపులో పెట్టింది: 'గురువారం ఉదయం బండి కావాలి.' తొమ్మిది మంది బొటనవేళ్లు పైకెత్తారు.

గురువారం ఆరింటికి మొక్కలన్నీ తడిపి గేటు దగ్గర వరసలు పేర్చి చూస్తే బండి లేదు. బుధవారం సాయంత్రం జిమ్ ఓనరు ట్రెడ్‌మిల్లు మార్చుకోవడానికి తీసుకెళ్లాడట. ఫోను చేస్తే స్విచాఫ్. మరిదికి చేసింది.

"అయ్యో వదినా! ఆయన పొద్దున ఎనిమిదింటికి గాని లేవడు. రాత్రి ఎక్కువ పనిచేశాడు పాపం."

అక్క రోడ్డు మీదకి పరుగెత్తింది. దొరికిన రెండు ఆటో ట్రాలీలతో నాలుగేసి ట్రిప్పులు వేయించింది. చివరి ట్రిప్పు చేరేసరికి పన్నెండు దాటింది. నున్నటి తారు రోడ్డు పక్క ఐదు గంటలు ఎండలో నిలబడిన మొక్కలు తలలు వేలాడేశాయి. కాలేజీ తోటల సూపర్వైజరు ఒక ఆకును వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు.

"మీకు సొంత బండి ఉందన్నారనే కదమ్మా మీకిచ్చింది?"

వాడిన మొక్కలు తొంభై పైచిలుకు వెనక్కి పంపించాడు. రెండో విడత ఆర్డరు ఇంకొకరికి ఇస్తామని మర్యాదగానే చెప్పాడు.

సాయంత్రం భర్తకి చెప్పింది. ఆయన సావధానంగా విన్నాడు. కళ్లజోడు పెట్టుకుని ఫోను తెరిచి, గ్రూపులో ఆమె పెట్టిన మెసేజి వెతికి తీశాడు.

"ఇదిగో, తప్పు ఇక్కడుంది. 'బండి కావాలి' అని పెట్టావు. 'బుక్ చేస్తున్నాను' అని పెట్టాలి. కావాలంటే అందరికీ కావాలి కదా!"

అక్క ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆయన హాస్యానికి అనడం లేదు. అప్పుడు లేచి, పెరట్లోకి వెళ్లి, తిరిగొచ్చిన మొక్కలను ఒక్కొక్కటే నీడలోకి జరిపి నీళ్లు పోసింది. కొన్ని తేరుకుంటాయి. కొన్ని తేరుకోవు. పొయ్యడం మాత్రం అన్నిటికీ పోసింది.

మర్నాడు మేస్త్రీ షెడ్డుకి వెళ్లింది.

"పాత పికప్ ఏదైనా ఉందా మేస్త్రీ?"

"బాగా నడిచేదా అక్కా?"

"కాదు. ఎవరికీ నడపరానిది."

మేస్త్రీ చేతిలో స్పానర్ పక్కన పెట్టాడు. షెడ్డు వెనక్కి తీసుకెళ్లి ఒక టార్పాలిన్ ఎత్తి చూపించాడు. వెనకటి దానికంటే ఇంకా పెద్దది వయసులో. గేరు కర్ర కింద లేదు, స్టీరింగ్ పక్కన ఉంది. మామూలు బండ్లలో ఫస్ట్ పడే చోట దీనికి రివర్స్ పడుతుంది. స్టార్టు చేయడానికి తాళం తిప్పితే చాలదు, నేల మీద ఒక బొడిపె ఉంటుంది, దాన్ని కాలితో తొక్కాలి.

"దీని యజమాని పోయాక వాళ్ల పిల్లలు తీసుకెళ్లలేదక్కా. ప్రయత్నించారు. గోడని గుద్ది వదిలేశారు."

"ఏ గోడ?"

మేస్త్రీ షెడ్డు గోడలో కొత్త ఇటుకలు చూపించాడు. అక్క ముఖం ఆ ఆరు నెలల్లో మొదటిసారి విప్పారింది.

వారం రోజులు, పొద్దున్నే షెడ్డు వెనక ఖాళీ స్థలంలో నేర్చుకుంది. మొదటి రోజు రెండుసార్లు ముందుకు వెళ్లాలనుకుని వెనక్కి వెళ్లింది. ఐదో రోజు బండి ఆమె మాట వినడం మొదలుపెట్టింది.

ఇక పాతదాన్ని, అంటే కొత్తదాన్ని, ఏం చేయాలి? షూటింగులకు పాతకాలం బండ్లు అద్దెకిచ్చే ఆయన ఒకడు ఉన్నాడని మేస్త్రీయే చెప్పాడు. ఆయన వచ్చి చూసి ఎగిరి గంతేశాడు.

"చూడ్డానికి పాతది, ఏ హీరో అయినా నడపొచ్చు! ఇలాంటిదే వెతుకుతున్నానమ్మా. ఎవరు చేయించారో గాని, దణ్ణం పెట్టాలి!"

ఆ మాట వాళ్లకి చేరవేస్తానని అక్క చెప్పింది.

మంగళవారం సాయంత్రం ఐదు గంటలకు గ్రూపులో ఒక మెసేజి వచ్చింది: 'మూడు నుంచి ఐదు నా టైము. బండి అమ్మేశాను. కాగితాలు కూడా అయిపోయాయి.' ఈసారి ఎవరూ బొటనవేళ్లు ఎత్తలేదు.

ఆరింటికల్లా మరిది వచ్చిపడ్డాడు. బుధవారం డెంటిస్టుకి ఏం చెప్పాలి? గురువారం దర్జీ వియ్యంకుడికి ఏం చెప్పాలి?

"మా బండి అమ్మేస్తావా వదినా? ఒక్క మాట, ఒక్క మాట అడగొద్దూ మమ్మల్ని?"

అక్క భర్త కూడా అందుకున్నాడు. "అదే నేనూ అంటున్నా. అందరి వస్తువు అది!"

"పదహారేళ్లు 'నీ డొక్కు' అన్నారు," అంది అక్క. గొంతు పెంచలేదు. "ఎప్పట్నించి మీదైంది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంజన్ మేం వేయించాం కదా వదినా..."

"అవును. మీ ఇంజన్ డబ్బు ఆ బల్ల మీద కవర్లో పెట్టాను. బండి నాది. నా పేరు మీదుంది. నా టైములో అమ్ముకున్నాను. గ్రూపు రూల్సులో అమ్మకూడదని ఎక్కడైనా ఉందా?"

మరిది నిజంగానే ఫోను తీసి రూల్సు చూశాడు. లేదు.

చూశారా పాఠకులారా, ఎంత కృతఘ్నత! కాలికి విశ్రాంతి ఇచ్చారు, చెవికి ప్రశాంతత ఇచ్చారు, వారానికి రెండు గంటలు ఆమె బండిని ఆమెకే ఇచ్చారు. ఇంకేం చేయాలి మనుషులు?

వారం పాటు ఇంట్లో మాటలు పొడిపొడిగా నడిచాయి. తర్వాతి సోమవారం ఆటోలు దొరకక భర్త గేటు దగ్గర నిలబడి ఉంటే, అక్క నిమ్మ అంటుమొక్కలు వేసుకుని బయల్దేరుతూ ఆపింది.

"ఎక్కండి. ఆఫీసు దగ్గర దింపుతాను."

ఎక్కాడు. బొడిపె తొక్కింది. బండి గాండ్రించింది. ఆమె చేత్తో స్టీరింగ్ పక్కనున్న కర్రని లాగి, కిందికి దించి, ఎడమ కాలు లేపుతుంటే, మొక్క ఒక్కటి కూడా ఊగకుండా బండి కదిలింది. ఆయన ఆ చేతినీ కాలినీ మార్చి మార్చి చూశాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లకు మొదటిసారి ఆమె పక్కన కూర్చుని ఆమె పని చూస్తున్నాడు.

"చాలా కష్టమే ఇది," అన్నాడు మెల్లగా. "ఎలా నేర్చుకున్నావు?"

అక్క చిన్నగా నవ్వింది. రెండు వీధులు దాటారు. ఆయన సీటులో అటూ ఇటూ సర్దుకున్నాడు.

"ఈ సీటు మాత్రం మరీ గట్టిగా ఉంది. కొత్త కార్ల సీట్లు దొరుకుతాయట. తమ్ముడిని కనుక్కోమంటే..."

అక్క బండిని మెత్తగా పక్కకి తీసి ఆపింది.

"దిగండి."

"ఇంకా మూడు వీధులుంది!"

"దిగండి."

దిగాడు. నడక ఆరోగ్యానికి ఎంత మంచిదో ఈ వ్యాసకర్త వేరే చెప్పనక్కర్లేదు. టిఫిన్ డబ్బా పట్టుకుని ఎండలో వస్తున్న సూపరింటెండెంటుగారిని ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ పలకరించాడు.

"ఏంటి సార్, నడిచొస్తున్నారు? అమ్మగారి బండి పాడైందా?"

ఆయన ఆగి, చెమట తుడుచుకున్నాడు.

"లేదయ్యా," అన్నాడు. "దానికేం, బాగానే ఉంది."

ఆమె బండి గురించి ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.